నొప్పి లేదన్న భూలక్ష్మి

మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు వండిపెట్టే భూలక్ష్మికి నొప్పి అనే మాట నోట రాదు. నూనె చింది చెయ్యి బొబ్బలెక్కినా "ఏం గాలే" అనే రకం. షుగర్ మూలాన కుడి భుజం బిగుసుకుపోయి పై అరలోని పప్పు డబ్బా అందకపోతే, ఎవరికీ చెప్పకుండా స్టూలెక్కింది. గరిటె తిప్పడం కూడా కష్టమయ్యాకే దవాఖానలో చేరింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. అసలు పని ఇకముందే ఉందన్నారు డాక్టర్లు. ఇప్పటినుంచే చెయ్యి ఎత్తి దించుతుండాలి, లేకపోతే భుజం మళ్ళీ బిగుసుకుంటుంది. వ్యాయామం చేయించేవాళ్ళు ఎత్తమంటే భూలక్ష్మి ఎత్తదు. నొప్పా అంటే లేదంటుంది. మొండిఘటమని వాళ్ళు విసుక్కున్నారు.

ఆమె లెక్క ఆమెది. నొప్పి అన్నవాళ్ళను ఇంటికి పంపరు. ఆలస్యమైతే హాస్టల్ నడిపే రత్నమ్మ ఇంకో వంటమనిషిని పెట్టుకుంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూసుకుంటే కొలువు భద్రమని ఈమె సవరించుకుంది.

ఆపరేషన్ అయినవాళ్ళ నొప్పి చూడడానికే ఆ దవాఖానలో ఒక బృందం ఉంది. అందులోని నర్సు భానుశ్రీ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నొప్పి ఎంతున్నది పెద్దమ్మా?"

"లేదు బిడ్డా."

"అయితే జర కొప్పు పెట్టుకో, చూస్త."

చెయ్యి చెవిదాకా కూడా పోలేదు. భూలక్ష్మి పెదవి కొరుక్కుంది గానీ కన్నీళ్ళు ఆమె మాట వినలేదు.

"చెప్తే ఇంటికి పంపరనుకున్నవా? చెప్పకుంటేనే పంపరు. నొప్పి తగ్గితేనే గదా చెయ్యి లేసేది!"

"ఇన్నేండ్లల్ల ఎవ్వరన్న అడిగిండ్రా బిడ్డా..." అంటూ భూలక్ష్మి బావురుమంది.

భానుశ్రీ డాక్టరును పిలిచింది. ఆపరేషన్ అప్పుడే మెడ దగ్గర పెట్టిన సన్నటి గొట్టంలోంచి ఎక్కే నొప్పి మందును సరిచేశారు. సాయంత్రానికి చెయ్యి తలపైకి లేచింది. మర్నాడు కొప్పు తానే ముడుచుకుంది, వంకరగానే అనుకోండి. ఆ మరుసటి రోజు ఇంటికి పంపేశారు.

ఇంటికి చేరీచేరగానే రత్నమ్మ ఫోన్ చేసింది.

"ఎప్పుడొస్తావక్కా?"

రేపే అనబోయి భూలక్ష్మి ఆగింది.

"నొప్పి ఇంకున్నదమ్మా. కొన్ని వారాలు కసరత్తు చెయ్యాలె. చెయ్యి మంచిగైనంకనే వస్త."

ఇక కొలువు పోయినట్టే అనుకుంది.

"సరేలేక్కా. అంతవరకూ నేనే వండుతా. పిల్లోళ్ళు నన్ను తిట్టుకుంటే మాత్రం నువ్వే వచ్చి సర్దిచెప్పల్ల."

భూలక్ష్మి పకపకా నవ్వింది. ఆ కుదుపుకు భుజం కలుక్కుమంది.

"అబ్బా!" అంది, పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా.