చౌక ఫిల్ముల బావ

పోయిన వారం పొద్దున్నే ధర్మవరం బస్సు మా బత్తలపల్లెలో ఆగగానే కండక్టరు దిగి మా ఇంటిదాకా నడిచి వచ్చాడు. కండక్టరు బస్సు వదిలి ఇంటికి వచ్చాడంటే మంచి కబురు కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. "మీ అక్కోళ్ళింట్లో..." అని ఆగాడు. కొన్నేళ్ళుగా నీరసంగా ఉంటున్నది మా అక్క కాబట్టి, అక్కే అనుకున్నాను. కాదు, బావ. తెల్లవారుజామున ఉన్నట్టుండి పడిపోయాడట. ఆస్పత్రికి రిక్షా పిలిచేలోపే అయిపోయిందట.

"అన్నింటికీ తొందరే నీకు" అని బావను తిట్టుకుంటూ బస్సెక్కాను. ఆ తిట్టు ఇంకా ఆగలేదు. ఇది రాద్దామని కూర్చోవడం, లేవడం, వాకిట్లోకి వెళ్ళి రావడం, మళ్ళీ కూర్చోవడం, వారం రోజులుగా ఇదే పని. బావ గాలి నాకూ సోకినట్టుంది.

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళుండే వీధిలో మా బావకు ఫోటో స్టూడియో ఉండేది. ఒక చోట నిలిచే మనిషి కాదు. అన్నం తింటూ మధ్యలో లేచి, వాకిట్లో వెలుగు ఎట్లా ఉందో చూసి వచ్చి మళ్ళీ ముద్ద కలిపేవాడు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు అక్క కాఫీ తెచ్చేసరికి పెళ్ళికొడుకు కుర్చీలో లేడు. పెరటి గోడ మీద ఎండ ఎట్లా పడుతోందో చూస్తున్నాడు. "ఏమప్పా, నువ్వొచ్చింది పిల్లను చూసేకా, గోడను చూసేకా?" అని మా నాయన మొహం మీదే అడిగేశాడు. ఆ మాట పట్టుకుని మరదలి హోదాలో నేను బావను ఏళ్ళ తరబడి ఏడిపించాను. కోపం తెచ్చుకునేవాడు కాదు. ఆ రోజు గోడ నిజంగానే బాగుండిందనేవాడు.

మా అక్క నలుపు. మా నాయన పోలిక. అప్పట్లో మా వైపు నలుపు తెలుపు ఫోటోలే. స్టూడియోవాళ్ళు నెగటివు మీద పెన్సిలుతో దిద్ది మొహాలను తెల్లగా చేసేవాళ్ళు. అడక్కపోయినా చేసేవాళ్ళు, అదొక మర్యాద. అక్క పెళ్ళికి ఫోటోలు తీసినాయన ఆ మర్యాద కాస్త ఎక్కువే చేశాడు. అక్క ఆ ఫోటో చేతిలోకి తీసుకుని, "ఎవురీ పాప? నా చీర కట్టుకోనుండాది" అని బావకు తిరిగి ఇచ్చేసింది. ఆ ఫోటో గోడకెక్కలేదు. తర్వాత అక్క కెమెరా ముందు నిలబడనూ లేదు. ఫోటోలు తీసేవాడి ఇంట్లో పెళ్ళాం ఫోటో లేదంటే జనం నవ్వరా? నవ్వారు. బావ ఆ నవ్వులకు బాధపడలేదు. రోజూ అదే పెన్సిలుతో ఊళ్ళోవాళ్ళ మొహాలు దిద్దేది తనే కాబట్టి, అక్క మాట మాత్రం ఆయనకు గుచ్చుకుంది.

అందుకే రంగు ఫిల్ము మా వైపు వచ్చాక బావకు కాలు నిలవలేదు. రంగులో పెన్సిలు పని ఉండదు, మనిషి ఉన్నది ఉన్నట్టు పడాల్సిందే అని నాతో చెప్పి చెప్పి నా చెవులు తినేశాడు. ఆయన కోరిక ఒక్కటే. అక్క తన ఫోటో చూసుకుని "నేనే" అనాలి. అదీ చౌక ఫిల్ములో రావాలి. మగ్గం మీద బతికేవాళ్ళు పిల్లల ఫోటో తీయించుకోవాలంటే చౌక ఫిల్మే గతి. "ఖరీదు ఫిల్ములో ఎవురైనా బాగుంటారు. చౌకదాంట్లో మనిషి మనిషి మాదిరి పడాల" అనేవాడు. బావ మాటల్లో నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఇదే.

ఫిల్ములకు పేర్లేమిటో నాకు తెలియదు. ఆ ఇంట్లో అందరం డబ్బా రంగునుబట్టే పిలిచేవాళ్ళం. పసుపు డబ్బా, పచ్చ డబ్బా, ఇవి కాక అసలు డబ్బాయే లేని రోలు. పెద్ద చుట్ట కొని, ముక్కలు కోసి, వాడేసిన డబ్బీల్లో మళ్ళీ చుట్టి అమ్మేవాళ్ళు, అన్నిటికంటే చౌక అదే. మా ఎండలకు ఫిల్ము పాడవుతుందని బావ వాటిని దేవుడి గూట్లో పెట్టేవాడు. ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే. దీపం వేడి తగులుతుందని ఆయన, దీపం పెట్టకుండా దేవుడెందుకని అక్క, శుక్రవారం వచ్చిందంటే గొడవే.

ఫిల్ములను పోల్చాలంటే ఒకే మనిషి, ఒకే చోటు, ఒకే పొద్దు ఉండాలి. బావ బతిమాలితే అక్క ఒక షరతు మీద ఒప్పుకుంది. దీన్ని ఫోటో అనకూడదు, రంగుల పరీక్ష అనాలి. ఇక ఏ కొత్త రోలు వేసినా మొదటి ఫోటో అక్కదే. పొద్దున ఎండ ఎక్కకముందు మిద్దె మీద నిలబడాలి. వెనక ఎర్ర పట్టుచీర వేలాడాలి. ధర్మవరంలో ఏ స్టూడియోలోనైనా తెర అంటే పట్టుచీరే మరి. మగ్గాల ఊళ్ళో ఉంటూ బొమ్మల గుడ్డ ముందు నిలబడితే నామోషీ అనేవాళ్ళు. చీర ఎంత ఎర్రగా ఉంటే అంత గొప్ప.

రంగు ఫిల్ము కడిగేది బెంగుళూరులోనే. బెంగుళూరు రైలుకు ఎవరు పోతున్నా వాళ్ళ చేతిలో ఒక రోలు పడేది. ఫోటోలు తిరిగి వచ్చేదాకా బావ స్టూడియోకూ స్టేషనుకూ మధ్య తిరుగుతూనే ఉండేవాడు. వచ్చాక నట్టింట్లో నేల మీద వరసగా పరిచి, పాలు పోసే ఆమె దగ్గర్నుంచి చుట్టాలదాకా అందరినీ నిలబెట్టి ఏది బాగుందని అడిగేవాడు. పసుపు డబ్బాలో వెచ్చదనం ఉందనేవాడు. పచ్చ డబ్బాలో అంచులు నిక్కచ్చిగా వచ్చాయనీ, ఆకాశం ఆకాశంలా ఉందనీ మెచ్చుకునేవాడు. డబ్బా లేనిదాంట్లో నీడలన్నీ ఇసుక చల్లినట్టు ఉండేవి. ఆకులు ఎండుగడ్డి రంగులో పడేవి. ఇదేం బావా అని నేనంటే, "పచ్చ తప్పుగా పడిందని తెలిసేకి మన జిల్లాలో పచ్చ యాడుండాది?" అన్నాడు. ఆ ఏడు మా చేలో చెనక్కాయ మొత్తం ఎండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం నవ్వొస్తోంది.

ఇన్ని తేడాలున్నా ఒక్కదాంట్లో అన్నీ కలిసిపోయాయి. ఏ డబ్బాలోనైనా అక్క మొహం పాచి పట్టిన రాయిలా, పచ్చటి బూడిద రంగులో వచ్చేది. బావ ఫిల్మును తిట్టి ఇంకో ఫిల్ము తెచ్చేవాడు. పొద్దు మార్చాడు, చోటు మార్చాడు, ఎర్రది చాలదని ఇంకా ఎర్రటి చీర అరువు తెచ్చి కట్టాడు. ఫలానా ఫిల్ము కొనొద్దని వీధంతా చెప్పేవాడు. కొన్ని నెలలకు ఆ ఫలానా మారేది.

ఒక రోజు అలా పరిచిన ఫోటోల ముందు అక్క చాలాసేపు నిలబడింది. ఎవరూ అడక్కముందే, "రంగు ఫిల్ముకు గూడా నేను పనికిరానేమో" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు భరించరానిదైంది. బావ చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయి, పొద్దుగూకాక వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన రోలు చూసి అక్క, బాగుంది, ఇది నేనే అని ఒప్పేసుకుంది. ఆయన తిరుగుడు ఆగితే చాలనుకుంది పాపం. బావ ఫోటో చూశాడు, అక్కను చూశాడు. "నువ్వు నాకోసరం అబద్దం చెప్తాండావు" అన్నాడు. ఫోటోలన్నీ ఎత్తి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు ఆ సంచితో తనే బెంగుళూరు బయల్దేరాడు. అక్కడ కళ్ళ డాక్టరుకు చూపించుకునే పని ఉండి నేనూ వెంట వెళ్ళాను. ఫిల్ము కడిగే చోట బావ ఫోటోలను బల్ల మీద పరిచి, ఒక్కో ఫిల్ము నేరాలూ చదివాడు. అక్కడి పెద్దాయన కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఆయన ఫోటోల జోలికి పోకుండా నెగటివులు అడిగి వెలుగుకు పట్టి చూశాడు. వెనక ఏం కట్టావని అడిగాడు. ఎర్ర పట్టు అని బావ కొంచెం గర్వంగానే చెప్పాడు. ఆయన తల పట్టుకున్నాడు. ఫోటో అచ్చువేసే యంత్రానికి ఎదురుగా మనిషి ఉందో, చీర ఉందో తెలియదట. అన్ని రంగులూ సమానంగా ఉండాలనుకుంటుందట. ఫోటో నిండా ఎరుపు కనపడేసరికి అది ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మొహంలో ఉన్న ఎరుపు కూడా దాంతోపాటే పోతుంది. ఫిల్ములన్నీ మంచివే, ఆ పట్టు తీసెయ్యి అని చెప్పి, ఆయన తన పనిలోకి వెళ్ళిపోయాడు.

ధర్మవరం వచ్చేదాకా బావ రైలు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒక్కసారి మాత్రం నా వైపు తిరిగి, "మన పట్టే మన మొగాలు తినేసింది కదా పాపా" అన్నాడు. దిగీ దిగగానే ఇంటికి పోలేదు. ఏ ఫిల్ము కొనొద్దని ఎవరెవరికి చెప్పాడో వాళ్ళ దగ్గరికల్లా వెళ్ళి, తప్పు నాదే, ఫిల్ముది కాదు అని చెప్పుకుంటూ తిరిగాడు. వాళ్ళు ఆ మాట నమ్మారు గానీ పట్టు తెర తీయడానికి స్టూడియోవాళ్ళు ఒక్కరూ ఒప్పుకోలేదు.

అక్క కూడా ఒప్పుకోలేదు. ఈసారి పట్టు లేకుండా నిలబడమని బావ ఎన్ని విధాల అడిగినా, చాలు, నా మొహం నాకు తెలుసంది. నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పెరట్లో సిమెంటు గోడకు ఆనుకుని అక్క పట్టు దారం కండెలకు చుడుతూ ఉంది. పాత నూలుచీర, జారిన ముడి. బావ మాటా పలుకూ లేకుండా ఫోటో తీసేశాడు. కెమెరాలో ఉన్నది ఆ డబ్బా లేని రోలే.

ఆ ఫోటో వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. నేల మీద పరచలేదు. తెచ్చి అక్క చేతికిచ్చాడు. నేను భుజం మీంచి చూశాను. మా అక్క. నీడల్లో ఇసుక రవ్వలు అలాగే ఉన్నాయి, ఒక పక్క సన్నటి గీత కూడా పడింది. అయినా ఆ నలుపు మా ఇంటి నలుపే. చెంపల మీది పసుపు, పెదవుల దగ్గరి ముదురు రంగు, అన్నీ ఆమెవే. అక్క వెలుగు కోసం వాకిట్లోకి నడిచింది. బావ ఆమె వెనకాలే వెళ్ళాడు.

"నేనే" అంది అక్క.

ఆ మాట కోసం ఎన్నేళ్ళు తిరిగాడో! బావ మొహం వెలిగిపోయింది. అక్క ఇంకా ఫోటోనే చూస్తోంది.

"నేనింత అలిసిపోయినానా?" అంది మెల్లగా.

బావ ఫోటో తీసుకుని మళ్ళీ చూశాడు. ఆ మొహం పచ్చగా పడిందా, ఎర్రగా పడిందా అని అన్నేళ్ళు చూసినవాడు, కళ్ళ కింది గుంటలు, మెడ దగ్గర తేలిన ఎముకలు అప్పుడే చూశాడనుకుంటాను. నాకు ఏడుపొచ్చి లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు చీకటుండగానే బావ బిందె తీసుకుని వీధి చివర బోరింగుకు వెళ్ళాడు. అంతవరకూ అక్క పొద్దు అక్కడే మొదలయ్యేది. బోరింగు కొట్టి, బిందెలు మోసి, ఆ తర్వాత వంట, కండెలు, స్టూడియో ఊడవడం. ఆడవాళ్ళ వరసలో మగవాడిని చూసి వీధి వీధంతా నవ్వింది. తొందరగా పంపించేస్తే పీడా పోతుందని ముందుకు రమ్మన్నారట. బావ వినలేదు. వంతు వంతే అన్నాడట. అలాగని నిలబడగలడా? బిందె వరసలో పెట్టి అటు ఇటు తిరిగి వచ్చేవాడు. అక్కడి పద్ధతి అది, బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. వెనకున్నవాళ్ళు దాన్ని కాలితో ముందుకు జరుపుతూ ఉంటారు. ఆ రోజు నుంచి పోయిన వారం దాకా ఆ ఇంటికి నీళ్ళు తెచ్చింది బావే.

ఆ పొద్దున కూడా బిందె వరసలో పెట్టి, ఈలోగా కాఫీ తాగొస్తానని ఇంటికి వచ్చి పడిపోయాడు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఇంటి ముందు జనం చేరారు. వాళ్ళను తప్పించుకుంటూ బోరింగు దగ్గరి ఆడవాళ్ళు ఇద్దరు వస్తున్నారు. కబురు తెలిశాక కూడా బావ బిందెను వరసలోంచి ఎవరూ తీయలేదట. ఒకరి తర్వాత ఒకరు ముందుకు జరుపుతూనే ఉన్నారట. వంతు రాగానే కొట్టి నింపారు. చెరో పక్కా పట్టుకుని తెచ్చి, అక్క ముందు మెల్లగా దించారు. అంచుదాకా నీళ్ళు. బావకు ఆ నీళ్ళే పోశారు.