కొండపల్లి నెట్‌వర్క్‌లో ఉండిపోయిన థ్రెడ్

హెప్సిబా గుణదలలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో డేటా ఎంట్రీకి చేరింది. సర్వర్ల పని అక్కడే, పక్కవాళ్లను అడిగి నేర్చుకుంది. పదకొండేళ్లు గడిచేసరికి ఆ పనంతా ఆమె మీదే పడింది. రక్తపరీక్షల ల్యాబుల్లోని మిషన్ల నుంచి ఫలితాలు తీసుకుని రిపోర్టులు పంపడం ఆ ఆఫీసు వ్యాపారం. యజమాని వెంకటప్పయ్య.

మొదట ఉయ్యూరు ల్యాబ్ ఒక్కటే ఉండేది. తర్వాత కొండపల్లిలో ఒక ల్యాబ్ చేరింది. రెండుచోట్లా మిషన్‌కు ఒకే నెట్‌వర్క్ అడ్రస్. మార్చడానికి కొండపల్లివాళ్లు ఒప్పుకోలేదు. అందుకని హెప్సిబా సర్వర్‌లో కొండపల్లి కోసం విడిగా ఒక నేమ్‌స్పేస్, అంటే మిగతాదానితో కలవని నెట్‌వర్క్ గదిలాంటిది, పెట్టింది. దానిలోకి చేరిన ప్రోగ్రాముకు కొండపల్లి మిషనే కనబడుతుంది, ఉయ్యూరుది కనబడదు. ప్రోగ్రాము మొత్తం చేరనక్కర్లేదు. అందులో ఒకేసారి నడిచే నాలుగు థ్రెడ్లలో, అంటే పని పాయల్లో, ఏదో ఒకటి ముందే ఉన్న ఆ నేమ్‌స్పేస్‌లోకి చేరి, ఫలితం తీసుకుని వెనక్కి వస్తుంది. ఆరు నెలలు ఇబ్బంది లేకుండా నడిచింది.

ఒక శనివారం పొద్దున ఉయ్యూరు ల్యాబ్ టెక్నీషియన్ జోయెల్ ఫోన్ చేశాడు.

“మేడమ్, నలభై రెండో శాంపిల్‌కి పొటాషియం ఆరున్నరని మీ రిపోర్టు వచ్చిందండీ. ఇక్కడ మిషన్ మీద నాలుగే ఉంది. డాక్టరు గారు పేషెంటుకి అంబులెన్స్ పిలుస్తున్నారు.”

“ఆపమనండి. మిషన్ మీదున్నదే కరెక్టు. ఇవాళ మేం పంపిన రిపోర్టులు ఎవరికీ ఇవ్వకండి.”

ఫోన్ పెట్టి ఆమె ప్రోగ్రామును ఆపేసింది. వెంకటప్పయ్య గదిలోంచి వచ్చాడు.

“రెండు ల్యాబులూ ఆగిపోయాయి. నన్నడగాలా వద్దా అమ్మా?”

“తప్పు రిపోర్టులు వెళ్తున్నాయి సార్. ప్రోగ్రాం రాసింది నేనే.”

ప్రోగ్రాము తన పనులు రాసిపెట్టుకునే లాగ్ చూస్తే సంగతి తెలిసింది. తొమ్మిదింటికి కొండపల్లిలో కరెంటు పోయింది. అప్పుడు ఒక థ్రెడ్ అక్కడి నేమ్‌స్పేస్‌లో ఉంది. మిషన్ పలకకపోవడంతో పని మధ్యలోనే ఆగింది, వెనక్కి రావాల్సిన ఆదేశం దాకా పోలేదు. అక్కడ కరెంటు తిరిగి వచ్చాక ఉయ్యూరు పని అదే థ్రెడ్‌కు వచ్చింది. అది అక్కడే ఉండి, అదే అడ్రస్‌తో కొండపల్లి మిషన్‌ను అడిగింది.

అప్పుడు హెప్సిబాకు ఇంకో సంగతి తట్టింది. శాంపిల్ నంబర్లు రెండుచోట్లా రోజూ ఒకటి నుంచే మొదలవుతాయి కాబట్టి, ఆ ఆరున్నర కొండపల్లిలోని నలభై రెండో శాంపిల్‌ది అయివుండాలి. మిషన్ ఒక ఫలితాన్ని ఒక్కసారే ఇస్తుంది. అది ఉయ్యూరు వెళ్లిపోయింది కాబట్టి అక్కడి మనిషికి రిపోర్టే అందలేదు. వెంటనే కొండపల్లి ల్యాబ్‌కు ఫోన్ చేసి, నలభై రెండో శాంపిల్ ఎవరిదని అక్కడి టెక్నీషియన్‌ను అడిగింది.

“నలభై రెండా? శౌరమ్మ గారని, పెద్దావిడండీ. రిపోర్టు కోసం బయట బెంచీ మీదే కూర్చునున్నారు.”

“ఆవిణ్ణి ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. పొటాషియం ఆరున్నరండీ.”

శౌరమ్మను గంటలోపే విజయవాడలో చేర్చారు. నాలుగో రోజుకు ఇంటికి వెళ్లింది.

ఆ సాయంత్రం హెప్సిబా ప్రోగ్రామును సరిచేసింది. పని సాగినా ఆగినా థ్రెడ్ వెనక్కి రావాలి, రాలేకపోతే దానికి ఇంకో పని ఇవ్వకుండా ముగించాలి. ల్యాబులకు రాసే ఉత్తరంలో సాంకేతిక లోపమని రాస్తే చాలన్నాడు వెంకటప్పయ్య. ఆమె జరిగిందంతా రాసి, మారిపోయిన పదకొండు రిపోర్టుల నంబర్లు పెట్టి, కింద తన పేరు రాసింది. ఆయన చదివి సంతకం పెట్టాడు.

ఉయ్యూరువాళ్లు కొనసాగారు. కొండపల్లివాళ్లు రెండు నెలల్లో వేరే సాఫ్ట్‌వేర్‌కు మారారు. వాళ్ల నేమ్‌స్పేస్‌ను హెప్సిబాయే సర్వర్ నుంచి తీసేసింది.