తొక్కితే దిగే గేరు

ఆ రోజు గేరు దానంతట అది జారలేదు. నా ఎడమ కాలే తప్పుగా తొక్కింది. ఈ మాట సైన్యం విచారణలో నేను చెప్పలేదు. సెలవు మీద ముంబై వచ్చినప్పుడు కామాటిపురలో మా చాల్‌లో పక్క గదుల వాళ్లకూ చెప్పలేదు. పైగా గేరే జారిందని చెప్పాను. ఆ కథ ఇప్పటికీ మా గల్లీల్లో తిరుగుతోంది. ప్రతిసారీ ఎవరో ఒకరు దానికి ఇంకో ముక్క అతికిస్తారు. వినీ వినీ నాకు విసుగెత్తింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లద్దాఖ్‌లో మా శిబిరానికి అక్టోబరులో చేరాను. ట్రక్కు దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. పది అడుగులు వేస్తే ఆయాసం. చుట్టూ మట్టిరంగు కొండలు, ఒక్క చెట్టు లేదు. గాలి ఆగదు. నా పని డాక్ మోయడం, అంటే ఉత్తరాలూ కాగితాలూ చేరవేయడం. శిబిరం నుంచి కనుమ అవతలి కాపలా చౌకీకి పద్దెనిమిది కిలోమీటర్లు, మోటార్ సైకిల్ మీద. ఉదయం ఆరున్నరకు బయలుదేరాలి. తోలు సంచి, వైర్‌లెస్ సెట్టు, రెండు జతల చేతి తొడుగులు, ఒక స్పార్క్ ప్లగ్గు, దాన్ని విప్పే పానా. ఇంతే సామాను.

మొదటి రోజు ఒక చుట్టు తిప్పి బండి ఆపగానే వర్క్‌షాపు గుడారంలోంచి ఒకతను బయటికి వచ్చాడు.

“నువ్వు పదకొండో గల్లీ ఎల్లయ్య కొడుకువి కాదురా?”

“అవునన్నా.”

“మరి గా ఇంజన్‌ని ఎందుకురా గట్ల ఏడిపిస్తున్నవ్?”

అతను బాలరాజు, మా పక్క గల్లీ మనిషి. నాకన్నా ఆరేళ్లు పెద్ద. ముంబైలో మేడలు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీల మనవలం ఇద్దరం. శిబిరానికి ఉన్న ఒకే ఒక మోటార్ సైకిల్ మెకానిక్ అతను.

అప్పుడు మాకున్నది పాత బండి. గేరు పెడల్ కుడి కాలి వైపు. పైకి లేపితే ఒకటో గేరు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు వేయాలంటే కిందికి తొక్కాలి. అంటే తొక్కితే గేరు ఎక్కుతుంది, లేపితే దిగుతుంది. మా ఇద్దరి మధ్య ఆ రెండు మాటలే వాడుకలో ఉండేవి.

“మీటర్ చూడకు, రోడ్డు చూడు,” అనేవాడు. “పాదం కింద గుయ్యిమని వణుకుడు తెలుస్తది. అప్పుడే తొక్కు. గొంతు చించుకునే దాక ఆగకు. దడదడమని చైను గుంజుకుంటే లేపు. గంతే. దీనికి చదువు అక్కరలేదు, చెవులుండాలె.”

నాకు చెవులు లేవని అతని నమ్మకం. శిబిరం పైన ఉన్న మలుపులు ఎక్కుతుంటే నా ఇంజను శబ్దం కింద అతనికి వినిపించేది. వెంటనే వైర్‌లెస్ గరగరలాడేది.

“నర్సింగ్, తొక్కు.”

“తొక్కిన అన్నా.”

“అబద్ధం. నాకు ఇనొస్తుంది.”

నాకు ఒళ్లు మండేది. కానీ తొక్కేవాణ్ణి. మూడు నెలల్లో ఒక్క రోజు కూడా బండి మొరాయించలేదు. అది నా గొప్ప కాదు.

జనవరిలో కొత్త బండి వచ్చింది. పెద్ద ఇంజను. పిడికిలి కొంచెం తిప్పితే చాలు, ముందుకు దూకేది. దాని గేరు పెడల్ ఎడమ వైపు ఉంది, వరస కూడా తలకిందులు. ఒకటో గేరు కిందికి, మిగతావన్నీ పైకి.

“ఇన్ని దినాలు చెప్పింది మర్చిపో,” అన్నాడు బాలరాజన్న. “ఇగ తొక్కితే దిగుతది, లేపితే ఎక్కుతది.” ఇంజను ఆపి మూడు రోజులు నా చేత ఒట్టి పెడల్ తొక్కించాడు. లేపించాడు. అది చాలదని గాయాలకు వేసే తెల్ల పట్టీ చించి ట్యాంకు మీద అతికించి, దాని మీద తెలుగులో రాశాడు: తొక్కితే దిగుతది, లేపితే ఎక్కుతది.

నాలుగో రోజు ఉదయం తనిఖీకి వచ్చిన సుబేదార్ సాబ్ ఆ పట్టీ దగ్గర ఆగాడు. “ఈ జిలేబీలు ఎవరు చుట్టారు?” అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్లవాణ్ణి, చిన్నపిల్లాడిలా ట్యాంకు మీద చీటీ పెట్టుకుని తిరుగుతున్నానని నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన అటు పోగానే పట్టీ పీకి, గుడారంలో వెలుగుతున్న కిరోసిన్ పొయ్యిలో వేశాను.

“పట్టీ ఏదిరా?” అన్నాడు బాలరాజన్న.

“అక్కరలేదన్నా. వచ్చేసింది నాకు.”

“మూడు దినాలల్ల?”

నేను కిక్కు కొట్టాను. ఆరూ నలభై. పది నిమిషాల ఆలస్యం.

ఏడున్నరకు కింది నుంచి ట్రక్కుల కాన్వాయ్ వస్తుంది. ఆలోపు ఇరుకు దారి దాటాలి. కనుమ దాటాక దిగుడు. మూడో గేరు, అరవై వేగం. పాదం కింద వణుకు తెలిసింది. గేరు ఎక్కించాలి. కుడి కాలు నేర్చుకున్నదే ఎడమ కాలు చేసింది. తొక్కాను. రెండో గేరు పడి ఇంజను అరిచింది. గేరు సరిగ్గా పడలేదనుకుని మళ్లీ తొక్కాను. ఒకటి. వెనక చక్రం బిగుసుకుపోయింది. ఆ తర్వాత నేను కంకర మీద ఉన్నాను. ఎడమ భుజం ఎముక విరిగింది. ఇంజనులో వాల్వులు పిస్టన్‌కు గుద్దుకుని వంగిపోయాయి. అప్పటికి సమయం ఏడూ పది.

ప్రమాదం జరిగిన నాలుగో రోజు, వర్క్‌షాపు గుడారంలోనే విచారణ జరిగింది. ఏమైందని అధికారి అడిగాడు. “గేరు దానంతట అదే జారింది సాబ్,” అన్నాను.

బాలరాజన్నను గేర్‌బాక్స్ విప్పమన్నారు. ఆ చలిలో తొడుగులు తీసేసి, ఒట్టి చేతులతో విప్పాడు. గేరు చక్రాల ఒక్కో పన్నునూ వేలితో తడిమాడు. మొదటి నుంచి మళ్లీ తడిమాడు. ఏమీ దొరకలేదు. అప్పుడు నా వైపు తిరిగి, వాళ్లకు అర్థం కాకుండా తెలుగులో అడిగాడు.

“నువ్వు లేపినవా, తొక్కినవా?”

“లేపిన అన్నా.”

నన్ను నమ్మాడు. నూనె అంటిన తన రెండు చేతులనూ కాసేపు చూసుకున్నాడు. “అయితే నా దగ్గరే ఏదో తప్పయి ఉంటది,” అన్నాడు. ఆ మాటనే హిందీలో అధికారికి చెప్పాడు. చేతులు చూసుకుంటున్న ఆ మనిషి ఈనాటికీ నా కళ్ల ముందు నుంచి పోడు.

అతన్ని వర్క్‌షాపు నుంచి తీసి రేషన్ స్టోరుకు వేశారు. రావలసిన ప్రమోషన్ రాలేదు. తర్వాత సర్వీసు ముగించుకుని వచ్చి నాగ్‌పాడాలో చిన్న గ్యారేజీ పెట్టాడు. అతనికన్నా ముందు నా కథ ఇక్కడికి చేరింది. స్కూటర్లు అతని దగ్గరికి వస్తాయి, పెద్ద బండ్లు రావు.

నేనూ రిటైరయ్యాను. ఈ జూన్‌లో, మా చాల్‌లో పక్క ఖోలీలో ఉండే ట్యాక్సీ డ్రైవర్ లక్ష్మణ్ ఒక పెద్ద బండి కొన్నాడు. గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి మా గల్లీ దాకా ఒకటో గేరులోనే అరిపించుకుంటూ వస్తాడు. నేను పట్టలేక కిందికి దిగి, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పాను. వణుకుడు, పాదం, చెవులు, అన్నీ. ఆ మాటలు ఎవరివో మాత్రం చెప్పలేదు.

“క్లచ్ కూడా టైటుగుంది. బాలరాజుకు చూపించు,” అన్నాను.

“ఆయనకా? కాయ్ కాకా, మజాక్ చేస్తున్నరా? ఆర్మీ ఇంజనే ఖరాబ్ చేసిండు గద. మీరే చెప్పిన్రు.”

వానలో నడుచుకుంటూ నాగ్‌పాడా పోయాను. గ్యారేజీలో బెంచీ మీద నలుగురు బండ్ల వాళ్లు కూర్చుని ఉన్నారు. బాలరాజన్న స్కూటర్ గేర్‌బాక్స్ మూత బిగిస్తున్నాడు. బిగించి, విప్పి, లోపల మళ్లీ చూసి, మళ్లీ బిగించాడు.

“ఎన్నిసార్లు చూస్తవ్ చాచా?” అని ఒకతను హిందీలో విసుక్కున్నాడు.

“ఒకసారి నా చేతుల తప్పయింది,” అన్నాడు బాలరాజన్న తలెత్తకుండా.

“అన్నా,” అన్నాను. “ఆ రోజు నేను తొక్కిన. రెండుసార్లు తొక్కిన. నువ్వతికించిన పట్టీ పొయ్యిల వేసింది నేనే. నీ చేతుల ఏం తప్పు లేదు. నన్ను మాఫ్ చెయ్.”

పానా కింద పెట్టాడు.

“రెండుసార్లా?”

“అవునన్నా.”

“చెవులు లేవురా నీకు.” చేతులు తుడుచుకునే గుడ్డతో బెంచీ మీదున్న వాళ్లను చూపించాడు. “నాకు తెలుగుల చెప్తే ఏం ఫాయిదా? వీళ్లకు చెప్పు. వీళ్లకు తెలుగు రాదు.”

వాళ్ల వైపు తిరిగాను. ఇంజను చెడగొట్టింది నేను, ఆయన కాదు, ఇన్నేళ్లూ అబద్ధం చెప్పాను, క్షమించమని అడగడానికి వచ్చాను అని హిందీలో చెప్పాను. బెంచీ చివర కూర్చున్న ముసలాయన సరిగ్గా వినబడలేదని మరాఠీలో అన్నాడు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి మరాఠీలో, గట్టిగా చెప్పాను.