టమాటా మొలకల పరీక్ష

మా ఆయన మాటలు నేను సగమే నమ్మేదాన్ని. డెబ్బైల చివర్లో సంగతి. బిర్సానగర్‌లో ఉండేవాళ్లం, హిందీవాళ్ల ఊళ్లో. ఆయన ఠేకాదారు, అదే కాంట్రాక్టరు, కింద చెత్త ట్రాక్టరు నడిపేవాడు. ఊరి చెత్తంతా గుట్ట మీద పోయకుండా, తొక్కలూ ఆకులూ ఏరి గుంతల్లో మగ్గబెట్టి ఎరువు చెయ్యాలని టౌను ఆఫీసువాళ్లు హుకుం జారీ చేశారు. గుట్టకెంత పోతోందో, గుంతలకెంత పోతోందో తేల్చడానికి ఒక ఆఫీసరు వస్తాడట. గుంతల పని బాగుంటే డ్రైవర్లందరూ పర్మినెంటట.

ఆ మాటతోనే నాకు అనుమానం పట్టుకుంది. ఆయన చెప్పినట్టు సగం చెత్త గుంతలకి పోతుంటే గుట్ట మీద గద్దలు తగ్గాలి కదా? తగ్గలేదు.

ఒకనాడు ఆయన గోనెసంచి తెచ్చి గుమ్మంలో దించాడు.

"సూడే, మన గుంతల ఎరువు. ఏక్‌దమ్ అసలు మాల్!"

పెరట్లో పోసి నీళ్లు చల్లాను. వంటింటి చెత్త మగ్గిన ఎరువైతే విత్తు వెయ్యకపోయినా టమాటా, గుమ్మడి, మిరప వాటంతటవే మొలుస్తాయి. పెంటకుప్పల మధ్య పెరిగినదాన్ని, నాకు తెలీదా! ఎన్నాళ్లు చూసినా గరిక తప్ప ఏమీ రాలేదు.

"ఇదేటి మాయ? నదొడ్డు మన్ను తవ్వి తెచ్చీసినారా?" అని నిలదీశాను.

"నోర్మూసుకో. ఎరువు ఇచ్చిన ఇళ్లకి ఆఫీసరు వత్తన్నాడు. ఈ పర్మినెంటు కోసం ఎన్నాళ్లనుంచి సూత్తన్నామే!"

ఆఫీసరు రానే వచ్చాడు. "ఖాద్ కైసా హై, బహన్‌జీ?" అన్నాడు. ఎరువెలా ఉందని అడిగితే నా నోరు ఊరుకుంటేనా! టమాటా మొలవలేదని, ఎందుకు మొలవాలో కూడా నాకొచ్చిన హిందీలో చెప్పేశాను. ఆఫీసరు తెగ మెచ్చుకుని, ఇకమీదట మొలకలు చూసే గుంతల పని తేలుస్తానన్నాడు. మా ఆయన మొహం మాడిపోయింది.

మరుసటి నెల ఇంకో సంచి వచ్చింది. నీళ్లు చల్లాను. మొలిచాయి! ఒత్తుగా, పచ్చగా, టమాటాలే. ఎంత సంబరపడ్డానో! అనవసరంగా ఆడిపోసుకున్నానని ఆ పూట ఆయనకి చేపల పులుసు వండిపెట్టాను. తీరా అంట్లు తోముతుంటే మళ్లీ అనుమానం పురుగు తొలిచింది. గుమ్మడి ఏది? మిరప ఏది? ఊరు ఊరంతా టమాటాలే తింటోందా?

మర్నాడు ఆయన ఖాకీ చొక్కా ఉతకబోతే జేబులో జుగ్సలాయి బజారు విత్తనాల కొట్టు పొట్లం దొరికింది. అడుగున నాలుగు టమాటా గింజలు మిగిలాయి. తడిచేత్తోనే తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఏటివి?"

ఆయన పొట్లం మళ్లీ మడిచాడు.

"మన పర్మినెంటు," అన్నాడు.