మద్రాసు నుంచి వచ్చిన ఇరవై మంది

ఆ పాటకు మద్రాసు నుంచి ఇరవై మంది వయొలిన్ వాళ్ళు వచ్చారని ఆత్మకూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. వ్యానులో దిగారట, బస్టాండు దగ్గర హోటల్లో భోంచేశారట, అందులో ఒకాయనకు మన కారం పడక ఎక్కిళ్ళు వచ్చాయట. ఎక్కిళ్ళ సంగతి చెప్పిన మనిషి పక్కన నిలబడి మంచినీళ్ళు అందించినట్టే చెప్పాడు. కాస్త తెలిసిన వాళ్ళమనుకునే వాళ్ళు ఇంకో మాట చెబుతారు: ఎవరూ రాలేదు, అంతా కంప్యూటరే అని. రెండూ అబద్ధాలే. ఆ రోజు ఆ గదిలో ఉన్నది ఇద్దరం, మా మరిది, నేను. వయొలిన్ వాయించింది నేను.

మా మరిదికి ఆత్మకూరు డిపో దగ్గర సెల్ ఫోన్ల షాపు పైన ఒక గది ఉంది. గోడలకు స్పాంజి అంటించి దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. భక్తి పాటలు, ఎలక్షన్ పాటలు, పెళ్ళి వీడియోల పాటలు చేస్తాడు. ఈ మధ్య వాటికి పెద్దదినం పాటలు తోడయ్యాయి. కలిగిన ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, పదకొండో రోజుకల్లా వాళ్ళ మీద ఒక పాట తయారు కావాలి. భోజనాలకు ముందు షామియానా కింద తెర కట్టి, ఫోటోలతో పాటు దాన్ని వేస్తారు. బతికుండగా ఒక పూట పక్కన కూర్చోని కొడుకులు కూడా చరణానికి రెండు మంచి గుణాలు ఎక్కువే రాయిస్తారు.

నేను ఉదయగిరిలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. బీకాం చదివాను. వయొలిన్ మా నాయన నేర్పాడు. ఆయన ఈ చుట్టుపక్కల హరికథలు చెప్పేవాళ్ళ వెనక కూర్చుని వాయిస్తూనే బతికాడు. పెళ్ళయ్యాక నా వయొలిన్ పెట్టెలోంచి బయటికి వచ్చిన రోజులు తక్కువ. ఆ పాటకు వచ్చింది.

దుత్తలూరు దగ్గర ఒక పెద్ద రైతు కుటుంబంలో ముసలామె పోయింది. ఏడో రోజు పెద్దకొడుకు, ఇద్దరు తమ్ముళ్ళు వచ్చి పాట విన్నారు. విని, "బాగుండాది గానీ అబ్బయ్యా, ఏడుపు రాలా" అన్నారు. మరిది నాకు ఫోన్ చేశాడు.

"వదినా, వాళ్ళకు ఏడుపు రావాలంట."

"నీ మొహం ఒకసారి చూపించకపోయినావా."

"ఎగతాళికేం గానీ, రేపు ఆదివారమే గదా. వయొలిన్ తీసుకోని రా."

వెళ్ళాను. మా నాయన వాయించిన పాత వయొలిన్ కూడా తీసుకుని వెళ్ళాను. మరిది పాట వేశాడు. పాడినమ్మాయి బాగానే పాడింది. ఆమె వెనక వయొలిన్లన్నీ కంప్యూటర్ లోవే. ఎక్కడో పరాయి దేశంలో మంచి వాద్యకారులు ఒక్కొక్క స్వరాన్నీ వాయించి రికార్డు చేసి ఇస్తే, దాన్ని కీబోర్డు మీద నొక్కి పిలవడమే. ఒక్కొక్క స్వరం విడిగా వింటే నిజమైన వయొలినే. అన్నీ కలిపి వింటే మాత్రం డ్రిల్లు పీరియడులో పిల్లలు కాళ్ళు వేసినట్టుంది. అందరూ ఒకే క్షణంలో మొదలు, ఒకే క్షణంలో ఆపడం. ఒకే స్వరం నాలుగుసార్లు వస్తే నాలుగుసార్లూ అదే విల్లు, అదే బరువు.

"ఏంది అబ్బయ్యా ఇది? ఇరవై మందికీ ఒకటే ఊపిరా?"

"అందుకే గదా నిన్ను పిలిచింది. దీని మీద ఒకసారి వాయించు, దాన్నే మూడుసార్లు అతికిస్తా."

అలాగే అతికించాడు. శబ్దం పెద్దదైంది, అంతే. మనుషులు పెరగలేదు. పైగా నేను ఎక్కడ వెంట్రుకవాసి ఆలస్యంగా మొదలుపెట్టానో అక్కడల్లా మౌసుతో పట్టుకుని తెర మీది తాళం గీత మీదికి జరిపాడు. "సాపు చేసినా వదినా" అన్నాడు, అన్నంలో రాళ్ళు ఏరినట్టు. నాకు ఒళ్ళు మండింది. "ఆ ఆలస్యమే మనిషిరా నాయనా, దాన్ని తీసేసి ఏం మిగుల్చుకుంటావు?" అన్నాను.

అప్పుడు నేను చెప్పినట్టు చేయించాను. ముందు కంప్యూటర్ వయొలిన్లను మూడు గుంపులుగా విడదీయించాను. ఒక గుంపు మెల్లగా లేవాలి, ఒకటి చురుగ్గా మొదలవ్వాలి, ఒకటి అందరికంటే వెనకబడాలి. పల్లవిలో ప్రతి మాటకూ కీబోర్డు అంచున ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పి శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండమన్నాను. మరిది ఆ చక్రం తిప్పీ తిప్పీ బొటనవేలు నొప్పన్నాడు. తర్వాత నేను కూర్చున్నాను. మైకులో గాలి చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశాడు. ఎండాకాలం, ఆత్మకూరు, మూసిన గది. చీర వీపుకు అంటుకుపోయింది.

మొదటిసారి నా వయొలిన్ తో మైకుకు దగ్గరగా వాయించాను. రెండోసారి నాయన వయొలిన్ తో, దూరం జరిగి, విల్లు వేరే చోట్ల తిప్పుతూ. మూడోసారి గోడవైపు తిరిగి కూర్చుని, తీగ శ్రుతి ఒక్క పిసరు తగ్గించి. మూడు సార్లూ గమకం లేకుండా, గీత గీసినట్టు వాయించాల్సి వచ్చింది. కంప్యూటర్ స్వరాలకు ఊగడం రాదు, నేను ఊగితే వాటితో కలవదు. నాయన వింటే విల్లుతోనే ఒకటి అంటించేవాడు. నాలుగోసారి మాత్రం నాకు నచ్చినట్టు, గమకాలతో వాయించాను. దాన్ని అన్నిటికీ అడుగున, వినిపించీ వినిపించనట్టు పెట్టించాను. అప్పుడు వచ్చింది ఏడుపు. మరిది హెడ్ ఫోన్లు తీసి, "మేయ్ వదినా" అని ఊరుకున్నాడు. అతని నోటి నుంచి నాకు దక్కిన మెచ్చుకోలు అదే.

ఆ మధ్యాహ్నమే అన్నదమ్ములు ముగ్గురూ మళ్ళీ వచ్చారు. నేను మూలన కుర్చీలో ఉన్నాను. వయొలిన్లు అప్పటికే పెట్టెల్లో సర్దేశాను. రెండో చరణంలో పెద్దాయన కండువాతో మొహం కప్పుకున్నాడు.

"ఎంతమందిని పిలిపించినావు అబ్బయ్యా?" అన్నాడు పెద్దాయన.

"ఇరవై మందిన్నా. మద్రాసోళ్ళు. పొద్దున్నే వచ్చి పోయినారు."

పెద్దాయన నా వైపు చూశాడు. "ఈమె?"

"మా వదిన. ఊరికే వచ్చినాది."

నేను నోరున్న మనిషినని ఉదయగిరిలో ఎవర్నడిగినా చెబుతారు. అయినా తల్లి పోయి ఏడుస్తున్న మనిషి ముందర నా గొప్ప ఏం చెప్పుకుంటాను? వాళ్ళు మెట్లు దిగాక, వాయించింది నేనని ఎందుకు చెప్పలేదని అడిగాను. మరిది సిద్ధంగానే ఉన్నాడు. "వాళ్ళింట్లో పట్టింపు వదినా. ముత్తైదువ పేరు చావు పాట కింద వెయ్యొద్దని ముందే చెప్పినారు. నీ మంచికే గదా." నా పసుపు కుంకుమల మంచి కోసం అంటే ఏమని వాదిస్తాను? వీడియో చివర పేర్లు వచ్చాయి. రాసినవాడు, పాడినమ్మాయి, సంగీతం మా మరిది, వయొలిన్లు చెన్నై బృందం. నేను సరిగ్గా వాయించడం వల్లే ఆ ఇరవై మంది పుట్టారు. కాస్త చెడగొట్టి ఉంటే ఎవరో ఒకామె వాయించిందని అయినా అనుకునేవాళ్ళు.

రెండేళ్ళు అలా గడిచాయి. మొన్న ఆత్మకూరులో వయొలిన్ తీగలు మార్పించుకుని ఉదయగిరి బస్సెక్కితే, పక్క సీటులో కూర్చున్నామె నా ఒళ్ళో పెట్టె చూసి అదేందని అడిగింది. వయొలిన్ అన్నాను. "మా యమ్మ పాటకు మద్రాసు నుంచి ఇరవై మంది వచ్చి వాయించినారు" అంది. ఊరడిగాను. ఆ ముసలామె కూతురే.

"ఇరవై మంది గాదమ్మా. నేనొక్కదాన్నే" అన్నాను.

ఆమె నవ్వింది. పల్లవి మెల్లగా నోటితో వినిపించి, గది ఎక్కడుందో, వాళ్ళన్న ఎప్పుడు కండువా కప్పుకున్నాడో చెప్పేసరికి నవ్వు ఆగింది.

"మరి పేరెందుకు వెయ్యలా?"

"మీ ఇంట్లో వద్దన్నారంట గదా. ముత్తైదువనని."

"ఎవురు మే చెప్పింది? మమ్మల్నెవురూ అడగలా. మా వదినలు ముగ్గురూ ముత్తైదువలే. మా యమ్మకు కడపటి నీళ్ళు పోసింది వాళ్ళే. దానికి లేని పట్టింపు నీ పేరుకు వచ్చిందా?"

దుత్తలూరులో దిగేటప్పుడు ఆమె నా చేయి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు, కోపం వచ్చింది. బస్సులోంచే మరిదికి ఫోన్ చేశాను.

"వాళ్ళు కాదు వదినా, మా అన్న వద్దన్నాడు" అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులైనా విడవకుండా మా ఆయన్ని అడిగాను. ఆయన పేపరు దించాడు.

"నేనా? నాకేం పట్టె. నువ్వే వద్దన్నావని వాడు చెప్పినాడే. స్కూల్లో పనిచేసేదాన్ని, చావు పాటలకు వాయిస్తానని తెలిస్తే బాగుండదన్నావంట."

మళ్ళీ మరిదికి చేశాను. ఈసారి అతను తడుముకోలేదు. "అవును వదినా, నువ్వే అన్నావు. మర్చిపోయినావు."

ఆ ఆదివారాన్ని నేను ఎన్నిసార్లు మొదట్నుంచి చివరిదాకా తిప్పి చూసుకున్నానో. ఏ తీగ ఎంత దించానో గుర్తుంది. ఏ వాక్యం దగ్గర విల్లు తిప్పానో గుర్తుంది. ఆ మాట మాత్రం ఎక్కడా దొరకడం లేదు. మా ఇంట్లో ఇప్పుడు అందరూ దాన్నే ఖాయం చేసుకున్నారు, ఆ ఇరవై మందిని ఊరు ఖాయం చేసుకున్నట్టే. సరే, నేనే అన్నాననుకుందాం. ఏ రోజు అన్నాను, ఎవరి ముందర అన్నాను, ఏ మాటలతో అన్నాను?