జంతికల గొట్టంలో రాగి తీగ

ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు (వాడికీ ఇప్పుడు తల నెరిసింది) మొన్న పొద్దున్న ఫోనుకి ఒక వీడియో పంపాడు. రాగి కడ్డీ సన్నటి బెజ్జంలోంచి తీగగా సాగేటప్పుడు లోపల లోహం ఎలా వంగుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టి రంగుల్లో చూపించారు. కడ్డీ పొడవునా అడ్డగీతలు గీశారు. బెజ్జం దాటేసరికి ప్రతి గీతా నడిమధ్యన ముందుకు పొడుచుకొచ్చి నాలుకలా సాగింది. "ఎంత అద్భుతమో చూడండి సార్" అని కింద రాశాడు. చూశాను నాయనా, నువ్వు పుట్టకముందే చూశాను. అప్పుడది పసుపు వాసన వేసింది. మా ఆవిడ పక్కనుంచి తొంగిచూసి, "ఏమిటవి, జంతికలా?" అంది. నిజం అలా అమాయకంగా బయటపడేసరికి నాకు చేతిలో కాఫీ చేదయింది.

మా మావ, అంటే అమ్మకు అన్నగారు, విజయనగరంలో కంసాలి. ఆయన దగ్గర ఒక కమ్మెచ్చు ఉండేది. కమ్మెచ్చు అంటే వరసగా పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా బెజ్జాలున్న ఇనుప పలక. వాటిలోంచి ఒకదాని తరవాత ఒకటిగా లాగితే తీగ సన్నబడుతుంది. నాజూకైన నడుముని కమ్మెచ్చున తీసినట్టుందని మనవాళ్లు పొగుడుతారు గానీ, దాని ముందు కూర్చుని పట్టకారుతో లాగేవాడి నడుము సంగతి ఎవరూ అడగరు. అరవైల చివర బంగారం మీద ఆంక్షలొచ్చి కంసాళ్ల కుంపట్లు ఆరిపోయిన రోజులవి. మావ పొద్దున్నే అలవాటుగా కుంపటి ముందు కూర్చుని, బూడిద సర్ది, లేచి వెళ్లిపోయేవాడు. అత్త చూడనట్టే ఉండేది.

నేను అప్పుడే ఇంజనీరింగ్ ముగించి, ఊరి చివర కొత్తగా పెట్టిన రాగి తీగల ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ తీగ ఊరికే తెగిపోయేది. పైకి అద్దంలా మెరుస్తూనే ఉన్నట్టుండి పుటుక్కుమనేది. తెగినచోట ఒక కొస గిన్నెలా గుంటపడి ఉండేది. పుస్తకాలన్నీ తిరగేశాను, ఏమీ పాలుపోలేదు. ఒక ఆదివారం ఆ ముక్కలు జేబులో వేసుకుని మావ దగ్గరకు వెళ్లాను. ఆయన ఒక కొసని గోటితో తడిమి, "బెజ్జం నోరు మరీ బార్లా తెరిసీసినార్రా. గరాటాలాగ నిదానంగా సన్నబడాల" అన్నాడు. నేను నమ్మలేదు. పట్టా ఉన్నవాడిని కదా.

నా మొహం చూసి మావ వంటింటి వైపు కేకేశాడు. "ఒసే, జంతికల పిండి గట్టిగా కలుపు. సగంలో పసుపెయ్యి, సగం తెల్లగుంచు." అత్త తిట్టుకుంటూనే కలిపింది. మావ ఆ పిండిని బిళ్లలు చేసి, ఒక పసుపూ ఒక తెలుపూ చొప్పున గొట్టంలో పేర్చి, సగం దాకా నొక్కి ఆపాడు. తరవాత మొత్తం ముద్దని కదలకుండా బయటకు తీసి, తడి చాకుతో నిలువునా కోశాడు. బిళ్లలన్నీ నాలుకలై ఉన్నాయి. మూలల్లో పిండి ఉన్నచోటే ఉండిపోయింది.

"తోస్తే ఏటి, లాగితే ఏటి, లోపల జరిగీది ఒకటే. సూడు, అంచులు గోడ పట్టుకుని ఆగిపోతన్నాయి, నడుము పరిగెడతన్నాది. ఆ ఈడ్పుకి ముందు నడుమే తెగుతాది. పైదానికి తెలీనే తెలీదు."

నేను లేచి నిలబడ్డాను. "ఫ్యాక్టరీలో బెజ్జాలు చెయ్యడానికి మనిషి కావాలి మావా. నువ్వు వచ్చి చూపించు, నేను చెప్పి పని ఇప్పిస్తాను" అన్నాను. ఆ సాయంత్రం అత్త ఆయన పంచెకు గంజి పెట్టడం నేను కళ్లారా చూశాను.

మావ చెప్పిన ఏటవాలుతో బెజ్జం అరగదీయించాం. మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తీగ ఒక్కసారీ తెగలేదు. మేనేజరు పరుగున వచ్చాడు. మావ ఓ పక్కన, జంతికల గొట్టం ఉన్న సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఈ ఆలోచన ఎవరిదని మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాదేనన్నాను. మరి ఈయనెవరన్నాడు. మా బంధువు, సామాను మోసుకొచ్చాడన్నాను. ఆ మాట అనడానికి నాలుక కొంచెమైనా తడబడలేదు. ఇన్నేళ్లకీ నాకు అసహ్యమేసేది దానికే.

గేటు దాటాక మావ అడిగాడు. "ఏటన్నాడ్రా అల్లుడూ?"

"చదువుకున్నవాళ్లే కావాలట మావా."

ఆయన నాలుగడుగులు వేశాడు. "పోన్లే. తీగ తెగడం మానీసింది కదా" అన్నాడు.

నా ఉద్యోగం ఖాయమైంది. నా పేరు మీద నివేదిక టైపయింది. అందులో జంతికల పిండి కాస్తా రంగుల మైనంగా మారింది. మావ సంతల వెంట తిరిగి బొక్కెనలకు మాట్లు వేసి బతికాడు. ఓసారి రైల్లో వెళ్తూ కోటబొమ్మాళి స్టేషన్లో ఆయన్ని చూశాను, భుజాన సామాన్ల సంచితో. నేను కిటికీ తలుపు దించేశాను.

ఆయన పోయిన పదకొండో రోజున అత్త ఆ కమ్మెచ్చుని పాత పంచెలో చుట్టి నా చేతికిచ్చింది. "నీకే ఇమ్మన్నాడు" అంది. ఆయనకు నేను చేసింది తెలియదనే ధైర్యంతో ఏడ్చాను. అత్త ఏడవలేదు.

"ఆయనకి ఆ రోజే తెలుసు బాబూ. ఇంగ్లీసు రాకపోతే ఏటి? ఆ దొర అడగ్గానే నువ్వు గుండెల మీద సెయ్యెట్టుకున్నావంట. ఇంటికొచ్చి సెప్పినాడు."

అంటే గేటు దాటాక అన్నీ తెలిసే అడిగాడు. నిజం చెప్పుకోవడానికి నాకు నాలుగడుగుల వ్యవధి ఇచ్చాడు. ఆ తరవాత కాలం నాకు యాభై ఏళ్లకు పైగా ఇచ్చింది గానీ, అందులో ఆ నాలుగడుగులు లేవు.