వడ్రంగి బాబాయి బల్ల

పాత ప్రయోగశాలను మూసేస్తుంటే, అందులోంచి ఎంత చెత్త వస్తుందో అంచనా కట్టే పని ఆమెది. కాస్తో కూస్తో రేడియేషన్ అంటిన చేతి తొడుగులు, గొట్టాలు, గోడ పెచ్చులు ఏ తరగతికి వస్తాయో, ఎన్ని డ్రమ్ములు పడతాయో చెబితే, దాన్నిబట్టి వాటిని పూడ్చే గుంత తవ్వుతారు. పెళ్లి పందిరి చూసినా డ్రమ్ముల్లోనే కొలుస్తుందని పిన్ని భర్త ఆమెకు 'డ్రమ్ముల పిల్ల' అని పేరు పెట్టాడు. ఆయన ఆ ప్రయోగశాలలోనే వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు.

వడ్రంగి గది వంతు వచ్చిన రోజు ఆమెకు ఓపిక లేదు. పక్క గదిలో ఎప్పుడో గొట్టం కారిందని విని ఉంది. ఒక్కో వస్తువుకూ రేడియేషన్ మీటరు పెట్టి చూడాలంటే పూటంతా పడుతుంది. గుమ్మంలో నిలబడే గది పొడవు వెడల్పులు రాసుకుని, గది మొత్తాన్నీ రేడియేషన్ చెత్తలో కలిపేసింది. ఎక్కువ చూపిస్తే అడిగేవాడుండడు. తక్కువ చూపిస్తేనే పీకల మీదికొస్తుంది.

తన పనిముట్లు తెచ్చుకుందామని వెళ్లిన బాబాయి, తెల్ల సూట్లవాళ్లు తన బల్లను కోసి డ్రమ్ముల్లో కుక్కడం కళ్లారా చూశాడు. ఆనాటి నుంచి మనవరాల్ని ఎత్తుకోలేదు. కాళ్లకు చుట్టుకుంటే విదిలించుకునేవాడు. కంచం వేరు చేసుకున్నాడు. ఇంట్లోవాళ్లు చాదస్తమనుకున్నారు. తన ఒంటికీ రేడియేషన్ అంటిందని ఆయన భయపడుతున్నాడని ఆమెకు అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. ఆ గదిలో ఏముందో తనకు మాత్రం ఏం తెలుసు?

చివరికి, పూడ్చేచోట డ్రమ్ములు తెరిచి పరీక్షించినవాళ్లు ఆ చెక్కలో ఏమీ లేదని తిప్పి పంపారు. ఆ సాయంత్రమే ఆమె పిన్ని ఇంటికెళ్లింది.

"బాబాయ్, నీ బల్ల శుభ్రంగానే ఉందట. నీకేం కాలేదు."

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ముందే చూసుంటే తెలిసేదేనా?"

"తెలిసేదే."

"ఎవరు చూడాలి?"

"నేనే, బాబాయ్."

తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన తలుపు దగ్గరున్న మనవరాలివైపు తిరిగి, "ఇలా రా బంగారం," అని చేతులు చాచాడు. పాప రాలేదు. పిన్ని కొంగు పట్టుకుని, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"అలవాటు తప్పింది, దానికి మాత్రం ఏం తెలుసు," అన్నాడాయన, తప్పంతా తనదైనట్టు.

పిన్ని టీ తెచ్చింది. వద్దని లేచి వెళ్లే ధైర్యం కూడా లేక, నోరు కాలుతున్నా ఆమె తలవంచుకుని ఆ టీ అలాగే తాగేసింది.